పొక్లెయిన్‌కి ఎదురుగా మా అత్తగారు

నేను రాజోలు దగ్గర పల్లెకు కాపురానికి వచ్చిన కొత్తలో, చుట్టుపక్కల వరిచేలన్నీ రొయ్యల చెరువులవుతుండేవి. మావారు కూడా అత్తగారికి చెప్పకుండా మా చేలో చెరువు తవ్వడానికి పొక్లెయిన్ పిలిపించారు. అది చేలోకి దిగగానే ఆవిడ పరుగున వెళ్ళి ఎదురుగా బురదలో కూర్చున్నారు. ఇనుప తొట్టె సరిగ్గా ఆవిడ తలమీదికి వచ్చి ఆగింది.

"లెగమ్మా! అందరూ తవ్వేత్తన్నారు కదా!" అని మావారు అరిచారు.

"తవ్వి ఉప్పునీళ్ళు పెట్టేక, మళ్ళీ ఇందులో వరి పండుద్దేంట్రా?"

మావారు మిషన్ను పంపించేశారు. కానీ పక్క చెరువుల ఉప్పునీరు ఊరి, ఆ ఏడు మా చేను సగం ఎర్రబడి పోయింది. అయినా తొలకరి పడగానే అత్తగారు మళ్ళీ నారు పోయడానికి ఆకుమడి దున్నించారు.

"ఈసారీ పోతే ఎలాగండీ అత్తయ్యగారూ?" అన్నాను.

"పంట పోద్ది. చేను ఉంటది కదమ్మా," అన్నారు, గొంతు వణుకుతుండగా.

రైతులది మొండితనమని ఎవరైనా అంటే, నాకు ఆ వణుకే వినిపిస్తుంది.