ఆయన గ్లాసులో సొటెర్న్

కొన్నేళ్లుగా ఈ మాట నా గొంతు దాటి బయటికి రావడం లేదు. డైరీ తెరిచి రాయబోతాను. వాన పడిందని, ట్రైన్ ఆలస్యమైందని రాసి మూసేస్తాను. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నాకు సింగపూర్‌లో, వన్-నార్త్‌లోని ఒక ల్యాబ్‌లో ఉద్యోగం. బిషాన్‌లో ఒక తెలుగు దంపతుల ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. చేరిన రోజే ఆంటీ వంటింట్లోకి పిలిచి, "మీ అంకుల్ మందు మానేశారమ్మా. ఎన్ని పాట్లు పడి మానేశారో నాకు తెలుసు. ఇంట్లోకి సీసా మాత్రం రాకూడదు" అన్నారు. సరేనన్నాను.

ల్యాబ్‌లో మా పై అధికారి ఫ్రాన్స్ ఆవిడ. ఉద్యోగం వదిలి వెళ్తూ నాకొక సొటెర్న్ సీసా ఇచ్చారు. బూజు పట్టి ముడుచుకుపోయిన ద్రాక్షతో చేసే తియ్యటి వైన్ అది. దాని గురించి ఎంతో చదివాను. ఉప్పటి బ్లూ చీజ్ పక్కన దాని తీపి ఇంకా తెలుస్తుందట. బాతు కాలేయంతో, ఆప్రికాట్ టార్ట్‌తో కుదురుతుందట. మన పాకం మిఠాయిల పక్కన మాత్రం పేలవంగా ఉంటుందట. ఇదంతా ఎవరికైనా చెప్పాలని ఉండేది. నాకు నలుగురిలో మాట పెగలదు. అంకుల్ ఒక్కరే నేను చెప్పేది చివరిదాకా వినేవారు.

సీసాను కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక దాచాను. ఆంటీ గుడికి వెళ్లిన ఒక సాయంత్రం అంకుల్ దాన్ని చూశారు.

"ఏంటమ్మాయ్, ఫ్రిజ్‌లో కూడా చోప్ చేసి చోటు ఆపుకున్నావా? నా చోటు పోయిందే" అని నవ్వారు.

చెప్పాను. దాని గురించి చదివిందంతా చెప్పాను. చీజ్ ముక్కలు కోసి ప్లేట్లో పెట్టాను. రెండు గ్లాసులు తెచ్చాను. ఆయన తన గ్లాసును చాలాసేపు ముట్టుకోలేదు.

"ఇది మందు కాదుగా?"

"కాదంకుల్. తేనె నీళ్లలాంటిదే."

సీసా మీద ఆల్కహాల్ శాతం రాసి ఉంది. చదివాను. చదవకుండా ఏ కాగితాన్నీ వదిలే మనిషిని కాదు నేను. మరి ఎందుకలా అన్నాను? ఒక మనిషి నా మాటలు విని, నేను పోసింది తాగి, నువ్వు చెప్పింది నిజమే అంటే చూడాలని తప్ప నాకు ఇంకే కారణమూ దొరకడం లేదు.

ఆయన తాగారు. చీజ్ వైపు చూడను కూడా లేదు. "ఇంకొంచెం పొయ్యమ్మా" అన్నారు. పోశాను.

మర్నాడు పొద్దున సీసా ఖాళీగా ఉంది. దాన్ని వంటింటి గోడలోని చెత్త గొట్టంలోకి జారవిడిచాను. కింద పగిలిన చప్పుడు వినిపించింది.

తర్వాత ఆయన బయట తాగడం మొదలుపెట్టారు. ఉద్యోగం పోయింది. ఏడాది తిరక్కుండా ఆసుపత్రిలో పోయారు. మళ్లీ అలవాటు చేసింది మూర్తి గారేనని ఆంటీ నమ్మారు. మూర్తి గారు పై అంతస్తులో ఉండే అంకుల్ స్నేహితుడు. సాయంత్రాలు ఇద్దరూ కలిసి నడిచేవారు. అంత్యక్రియలకు వస్తే ఆంటీ ఆయన్ని గుమ్మంలోనే ఆపి వెనక్కి పంపేశారు. నేను ఆంటీ పక్కనే, ఆవిడ భుజం పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత గది మారిపోయాను.

పోయిన నెల బిషాన్ పక్కనే ఉన్న ఆంగ్ మో కియోలో టీ తాగుతుంటే మూర్తి గారు కనిపించారు. "నేనేం చేశానో మీ ఆంటీ ఒక్క మాటైనా చెప్పలేదమ్మా" అన్నారు. పనుందని లేచి వచ్చేశాను.

ఆంటీకి చెప్పలేదు. మూర్తి గారికి చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. ఇది ధైర్యం కాదని తెలుసు. ఆ మొదటి గ్లాసు పోసింది నేనే. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. మూర్తి గారు మాత్రం ఇంకా ఆ గుమ్మం బయటే ఉన్నారు.