గాజుగొట్టంలో మొలిచిన కంది

నల్లగొండలో మాకు వృక్షశాస్త్రం చెప్పిన మేడం పోయారని మొన్న కబురు వచ్చింది. అప్పటి నుంచీ మనసు ఒక కంది మొలక దగ్గరికే పోతోంది.

నేను కాలేజీలో ఉన్న అరవైలలో ఒక ఏడు మా ఊరు మర్రిగూడలో వాన మొహం చాటేసింది. మా అవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకుని, ఏటా బూడిదలో కలిపి దాచుకుంటున్న కంది విత్తనమంతా అప్పటికే చేనులో ఉంది. గింజ గట్టిపడకముందే మొక్కలు ఎండిపోసాగాయి. పండని గింజ మట్టిలో మొలవదు. అవ్వ విత్తనానికి అదే ఆఖరు.

పచ్చికాయల కొమ్మను తడిగుడ్డలో చుట్టి మేడం దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, కొంగుతో నోరు కట్టుకున్నారు. గింజ చీల్చి, ఆవగింజంతైనా లేని అంకురాన్ని సూదిమొనతో తీశారు. చక్కెర, లవణాలు, కొబ్బరినీళ్లు కలిపి గాజుగొట్టాల్లో గడ్డకట్టించిన పాకం మీద ఒక్కోటి పెట్టి, మూతులకు దూది బిగించారు. తల్లిమొక్క పెట్టాల్సిన తిండి గాజుగొట్టం పెడుతుందా అన్నాను.

"అనుమానం మంచిదే. చూసినంక పడు," అన్నారు.

కొన్నాళ్లకు మట్టి లేనిచోట తెల్లటి వేరు దిగింది. ఆకులు విచ్చుకున్నాయి. వెంటనే అవ్వకు కబురు పంపాను.

చూద్దామని అవ్వ బస్సెక్కి వచ్చింది. మేడం మంచినీళ్లు తేవడానికి అటు వెళ్లగానే దూది పీకడం మొదలుపెట్టింది. వద్దంటే వినదే.

"పసిపిల్ల నోట్ల గుడ్డ కుక్కితే గాలెట్ల ఆడతది బిడ్డా?"

మేడం వచ్చేసరికి ఒక్క గొట్టానికే దూది మిగిలింది. ఆమె మొహం పాలిపోయింది. అయినా గొంతు పెంచలేదు.

"గాలి దూదిలకెల్లి పోతనే ఉంటది అవ్వా. బూజును ఆపెతందుకే గది."

అన్నట్టే తెరిచిన గొట్టాలన్నిటికీ బూజు పట్టింది. మిగిలిన ఆ ఒక్క మొలకను కుండీలో నాటి, మీద సీసా బోర్లించారు. ఎండకూ గాలికీ అలవాటు పడేలా రోజూ కాసేపు తీసి, మళ్లీ కప్పేవారు. అత్తారింటికి పంపే పిల్లకు పని నేర్పుతున్నారని మేం నవ్వితే ఆమె కూడా నవ్వారు. చివరికది పూసింది, కాసింది.

కాయలు ఎండాక అవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడింది.

"నీ విత్తనమే అవ్వా, ముట్టుకో," అన్నారు మేడం.

అవ్వ ఒక కాయ తెంపి, గింజ గట్టిపడి గలగలమంటుందో లేదోనని చెవి దగ్గర ఆడించింది. తర్వాత మేడం చెవి దగ్గర పెట్టి ఆడించింది. నేనున్న చోటికి ఆ చప్పుడు వినిపించలేదు. మేడం మాత్రం కళ్లు మూసుకుని, చాలాసేపు వింటూ నిలబడ్డారు.