ఫోనులో పిల్లకు మేనత్త

బునామేజి కొండవాలులో ఏ గడప తొక్కినా ఖైంజాకు పీట వేస్తారు. పీట లేని ఇంట్లో కాఫీ గింజలు ఆరబోసిన చాపను ఒకపక్కకు దులిపి చోటిస్తారు. ఆమె ఊరి ఆరోగ్య కార్యకర్త. ఆ పనికి జీతం లేదు. ఒక పసుపుపచ్చ చొక్కా, ఒక గొడుగు ఇచ్చారు. ఆ గొడుగు కింద ఆమె నడవగా చూసినవాళ్ళు తక్కువ. దారిలో ఏ బాలింతకో పట్టి, తాను తడిసి ఇల్లు చేరుతుంది. చర్చిలో ఢంకా కొట్టే భర్త వమింబి "గొడుగేదే?" అని అడగడం కూడా మానేశాడు. పొడిబట్ట అందిస్తాడు, అంతే.

అలాంటి ఖైంజా ఇంటికి ఒకనాడు కంపాలా విశ్వవిద్యాలయం నుంచి బబిర్యే అనే అమ్మాయి వచ్చింది. సన్నగా, కళ్ళద్దాలతో, బురదకు పనికిరాని చెప్పులతో వచ్చింది. ఖైంజా ముందు ఆ చెప్పులు కడిగి ఎండలో పెట్టింది. తర్వాతే వచ్చిన పనేమిటని అడిగింది.

"మావాళ్ళు ఒక మాట్లాడే మిషన్ చేశారమ్మా. ఫోను చేసి, బిడ్డకు జబ్బేమిటో మీ భాషలో చెబితే, ఇంట్లో ఏం చెయ్యాలో, ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలో చెబుతుంది. మిషన్ సంగతి చూసేవాళ్ళు వేరే ఉన్నారు. మనుషులు దానితో ఎలా మెలుగుతారో చూడటం నా పని."

"అంటే వండేవాళ్ళని కాకుండా తినేవాళ్ళ మొహాలు చూస్తావన్నమాట," అంది ఖైంజా.

"అంతే!" అని బబిర్యే నవ్వింది.

ఖైంజాకు ఆ మిషన్ మీద ఎంతో ఆశ పుట్టింది. పై గట్టు మీది ఇళ్ళకు వానాకాలంలో దారి ఉండదు. ఎర్రమట్టి జారి బాట తెగిపోతే కిందికి దిగడం గగనం. ఆ గట్టు మీదే ఆమె అన్న కూతురు నముతోసి చంటిబిడ్డతో కాపురముంటోంది. బునామేజిలో ఈ మిషన్ పనికొస్తుందని తేలితే, పెద్ద వానలకు ముందే కొండ మొత్తానికీ ఇచ్చేస్తారట.

మొదట ముసలి నంబోజో ఇంటికి వెళ్ళారు. ఆమె దగ్గర ఉన్న మనవరాలికి దగ్గు. ఖైంజా కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ ఫోనుకు మంచి చెవులియ్యి," అని ప్రార్థించింది. నంబోజో తలగుడ్డ సర్దుకుని, ఫోనును రెండు చేతులా పట్టుకుని, తమ భాషలో శాంతి కోరుతూ పలకరించింది.

"మూలెంబే తల్లీ, మూలెంబే. బాగున్నావా? ఇంట్లో అందరూ క్షేమమేనా? మీ అమ్మ కులాసాగా ఉందా? మీవైపు వానలు పడ్డాయా?"

"క్షమించండి. మీ సమస్య అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి," అంది మిషన్.

నంబోజో నాలిక కరుచుకుంది. "అయ్యో, వాళ్ళ నాన్న ఊసే ఎత్తలేదు నేను. నొచ్చుకుంది పాపం." మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి తండ్రినీ, మేనమామలనూ, మేకలనూ కూడా అడిగింది. మిషన్ మళ్ళీ క్షమించమంది. ముసలమ్మ మరింత మర్యాదగా, మరింత నెమ్మదిగా, మరింత పొడుగ్గా పలకరించింది. మనవరాలి దగ్గు మాట రానేలేదు.

చివరికి బబిర్యే, "ఎలా ఉంది పెద్దమ్మా?" అని అడిగింది.

"బంగారు తల్లి! ఎంత మర్యాద! ఏ తప్పూ చెయ్యకుండానే ప్రతిసారీ క్షమించమంటుంది."

ప్రతి ఇంట్లోనూ అంతే. బాగుంది, చాలా బాగుంది, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. వెళ్ళేటప్పుడు అరటిగెల ఒకరు, గుడ్లు ఒకరు చేతిలో పెట్టారు. సాయంత్రం ఖైంజా ఇంటి అరుగు మీద కూర్చుని బబిర్యే గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

"ఏ ఊళ్ళోనూ ఇంతమంది ఇంత బాగుందనలేదమ్మా. నాకు భయంగా ఉంది."

"మావాళ్ళు మంచివాళ్ళు తల్లీ," అంది ఖైంజా. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట అన్నాక వేడి టీ కూడా ఆమెకు రుచించలేదు.

ఆ ఫోను నంబరును ఖైంజా పై గట్టుకు కూడా కబురంపింది. తర్వాత రెండురోజులు ముసురు పట్టింది. తెరిపి ఇచ్చాక పై గట్టుకు వెళ్ళారు. నముతోసి ఎదురొచ్చి అతిథిని కూర్చోబెట్టింది. వేరుశెనగ ముద్ద వేసి వెదురు మొలకల కూర వండింది. "ఫోను చేశావా అక్కా?" అని బబిర్యే అడిగితే, "చేశానమ్మా, బిడ్డకు జ్వరమొచ్చి ఒళ్ళు కాలింది. చాలా బాగుంది," అంది కళ్ళు దించుకుని.

కూర వడ్డించడానికి లేచినప్పుడు ఆమె కాలు ఈడ్చడం ఖైంజా చూసింది. వెనకాలే వంటింట్లోకి వెళ్ళింది.

"మోకాలికేమయిందే?"

"ఏం లేదత్తా."

"అత్తకే ఏం లేదంటావా? కూచో ఇలా."

మేనత్త అడిగితే దాచేవాళ్ళు ఆ కొండ మీద లేరు. నముతోసి పొయ్యిముందు కూలబడి మొత్తం చెప్పింది. వాన కురుస్తుంటే ఫోను చేసింది. పలకరించేలోపే అటువైపు మిషన్ మాట తెగ్గొట్టింది. మళ్ళీ చేసింది. "నీళ్ళు తాగించండి" అని మాత్రం చెప్పి ఊరుకుంది. బిడ్డ కళ్ళు తేలేశాడు. వీపుకు కట్టుకుని, తెగిన బాటలో జారుతూ, పడుతూ ఆసుపత్రికి చేరింది. దేవుడి దయవల్ల బిడ్డకు ఏమీ కాలేదు.

"మరి ఆ అమ్మాయితో చాలా బాగుందంటావేం?"

"అత్తా! అంత దూరం నుంచి వచ్చింది. మన చాప మీద కూచుంది. వాళ్ళు చేసిన వస్తువుని మొహం మీదే బాగాలేదంటానా? మన ఇంట్లో నన్నలా పెంచారా?"

"పెంచలేదు."

"పోనీ నువ్వు చెప్పు."

"నేను పెరిగిందీ ఆ ఇంట్లోనే కదే పిచ్చిదానా!" అని ఖైంజా నవ్వబోయి, ఆ మోకాలి మీద ఎండిన నెత్తురు చూసి నవ్వలేకపోయింది. ఇంకో వానకు ఆ బాట కూడా మిగలకపోతే? ఈ మిషన్ ఇలాగే కొండంతా ఎక్కితే, గట్టు మీద ప్రతి తల్లీ బాగుందనే అంటుంది. ఏ బిడ్డకు ఏమయిందో ఎవరికీ తెలియదు.

ఆదివారం ఆరాధనలో ఆమె చాలాసేపు మోకాళ్ళ మీదే ఉంది. ఎదుటి బల్ల మీద ఒక కొత్తకోడలు కూర్చుని ఉంది. ఆ పిల్లకు అత్తవారింట్లో తీరు తెలియకపోతే ఎవరూ ఆమెను మందలించరు, పుట్టింటివాళ్ళనూ దెప్పరు. ఆమె మేనత్తకు కబురంపుతారు. మేనత్త వచ్చి, అన్నీ విని, పిల్లకు నేర్పిపోతుంది. అందులో ఎవరికీ చిన్నతనం లేదు. ఖైంజా ఆమెన్ అని లేచింది.

ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా చర్చి వెనక గడ్డి మీద కూర్చున్నారు. ఖైంజా ఫోనును తన ఒడిలో పెట్టుకుని, పైన కొంగు కప్పింది.

"వదినల్లారా, ఈ ఫోనులో పిల్ల మన ఊరికి కొత్తకోడలు. దీనికి తల్లి లేదు, పెద్దదిక్కు లేదు. ఇవాళ్టి నుంచి నేను దీని మేనత్తని. ఏం నేర్పాలో చెప్పండి."

నంబోజో చేతికర్రతో నేలను కొట్టింది.

"ఆ ముక్క ముందే చెప్పొద్దుటే! నీ మేనకోడలికి పలకరింపు రాదు. వాళ్ళ మేకల్ని కూడా అడిగాను నేను. తిరిగి నా కోడిని కూడా అడగలేదు!"

ఇక ఆగలేదు.

"పెద్దవాళ్ళు నోరు తెరవగానే మాట తెంచేస్తుంది."

"వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. తిట్టిందేమోననుకుని ఫోను పెట్టేశాను."

"బిడ్డకు ఎన్ని నెలలని అడగదు. పురిటి పసికందుకు నీళ్ళు తాగించమంటే తాగిస్తామా?"

"అత్తగారు పక్కనుంటే నాకు నోరు పెగల్లేదు. అది ఆగకూడదూ కాసేపు?"

పక్కన చాప మీద బబిర్యే వింటోంది. మేకల మాటకు పగలబడి నవ్వింది, పసికందు మాటకు నవ్వు ఆపేసింది. అందరి తర్వాత నముతోసి లేచింది. ఖైంజా వైపే చూస్తూ, వానలో తన ప్రయాణమంతా చెప్పింది.

"మొన్న నాకెందుకు చెప్పలేదక్కా?" అంది బబిర్యే.

"ఇప్పుడూ నీకు చెప్పట్లేదమ్మా. అత్తకి చెబుతున్నాను," అంది నముతోసి నొచ్చుకుంటూ. "నువ్వు తిను. అరటికాయ ముద్ద చల్లారిపోతోంది."

మర్నాడు బబిర్యే కంపాలాకు ఫోను చేసి, మిషన్‌ను ఇప్పుడే కొండకు ఇవ్వవద్దని చెప్పింది. అవతలివాళ్ళు గట్టిగానే వాదించినట్టున్నారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి కానీ మాట మార్చలేదు. ఫోను పెట్టి, "ఈ వానలకు అందదమ్మా. నముతోసి అక్క ఏం చేస్తుంది?" అంది.

"అది నా ఇంట్లో ఉంటుంది. దాని మేకను వమింబి దించుకొస్తాడు," అంది ఖైంజా. వమింబి అప్పటికే తాడు వెతుకుతున్నాడు.

ఆ వానాకాలమంతా బబిర్యే వస్తూ పోతూ ఉంది. వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళు గడ్డి మీద చేరి మేనకోడలి మీద కొత్త ఫిర్యాదులు చెప్పేవారు. వాటిని ఆమె మిషన్ చేసేవాళ్ళకు చేరవేసి సరిచేయించేది. అందరికంటే గట్టిగా ఇప్పుడు నముతోసి చెప్పేది. వానలు వెనకబట్టాక, ఒక ఉదయం ఆమె గట్టు మీదికి తిరిగి వెళ్ళడానికి మూటలు సర్దుకుంటుంటే బిడ్డకు కాస్త ఒళ్ళు వెచ్చబడింది. ఖైంజా నుదురు తాకి చూసింది, భయమేం లేదనుకుంది. అయినా ఏమీ అనకుండా ఫోను ఆమె చేతిలో పెట్టి, దూరంగా జరిగి కూర్చుంది.

నముతోసి పలకరించింది. అటువైపు మిషన్ నిదానంగా విని, తిరిగి పలకరించి, బాబుకు ఎన్ని నెలలని అడిగింది.

నముతోసి ఫోనును చేత్తో మూసి, "అత్తా, అడిగింది!" అని గుసగుసలాడింది. మళ్ళీ చెవికి ఆనించుకుంది.

"ఏడు నెలలు తల్లీ. కింద రెండు పళ్ళొచ్చాయి. వాళ్ళ నాన్న పోలికే. నిన్నటిదాకా బాగా ఆడుకున్నాడు..."

నాన్న పోలిక సంగతి దానికి అక్కర్లేదు. అయినా ఆమె చెప్పడం అయ్యేదాకా ఆగింది.