మంజులత కంప్యూటర్ ఆగిన దినం

మేళ్లచెరువుల మంజులత అంటే ఎవలకూ తెల్వది. ఆన్‌లైన్ అక్క అంటే మాత్రం ఏ గల్లీల అడిగినా దారి చూపెడతరు. తెలంగాణ వచ్చిన రెండో ఏడు బస్టాండ్ పక్క చిన్న మడిగె కిరాయికి తీసుకొని, ఒక కంప్యూటర్, ఒక జిరాక్స్ మిషన్ పెట్టుకొని కూసున్నది. మొగడు సిమెంటు ఫ్యాక్టరీల పనికి పోతడు, ఆమె గీ పని చూసుకుంటది. ఆధార్ల తప్పు పడ్డా, పింఛన్ ఆగినా, పిల్లల హాల్ టికెట్ కావాలన్నా అందరూ ఆమె దగ్గరికే. లైన్ల ఎంతమంది ఉన్నా, సర్వర్ ఎంత సతాయించినా, "కాదు, పో" అన్న మాట ఆమె నోట్లకెల్లి రాదు. "జర ఆగు, చేస్త" అంటది. చేస్తది గూడ. గా పేరంటే ఆమెకు పానం.

గా ఊరి దుమ్ము సంగతి చెప్పాలె. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రం వేలుతోని పేరు రాయొచ్చు. తెల్లటి సిమెంటు పొడి కంప్యూటర్ డబ్బలకు పోయి ఫ్యాన్‌ను పట్టుకుంటది, డబ్బ కాగుతది, పని నడుమల బందయితది. మెకానిక్ కోదాడ నుంచి రావాలె. ఇయ్యాల రేపు అంటడు, రాడు. గందుకే మంజులత నెలకోసారి డబ్బను సంకల పెట్టుకొని బీరన్న పంక్చర్ దుకాణానికి పోతది. ట్రాక్టర్ టైర్లకు గాలి కొట్టే పైపుతోని బీరన్న లోపల బుస్సుమని కొడతడు. తెల్లటి పొగ లేస్తది, ఇద్దరూ మొకాలు తిప్పుకుంటరు. ఏడేండ్ల సంది గిదే వైద్యం, ఎన్నడూ ఏం కాలె.

ఒక వానకాలం మాత్రం అయింది.

పొద్దుగాల గాలి కొట్టించి తెచ్చి, తీగలన్నీ పెట్టి బటన్ నొక్కింది. ఫ్యాన్ తిరిగింది, లైటు ఎలిగింది, తెర మాత్రం నల్లగనే ఉన్నది. ఇంతల నాగరాణి వచ్చింది. ఆమె పక్క ఊర్ల గొర్లు కాసుకునే ఇంటి కోడలు. పెండ్లయి ఇద్దరు పిల్లలు పుట్టినంక చదువు పట్టుకొని, మంద ఎనుక పోతనే బీఈడీ దాక వచ్చింది. సర్కారు టీచర్ కొలువుకు దరఖాస్తు పెట్టనీకె ఆ దినమే ఆఖరు, సాయంత్రం ఐదింటిదాకనే టైం. వచ్చే ఏటికి ఆమె వయసు దాటిపోతది. ఇన్ని దినాలు ఎందుకు ఆగిందంటే, కులం సర్టిఫికెట్ నిన్ననే చేతికొచ్చింది.

"అక్కా, ఇయ్యాల పోతే ఇంక నాకు లేదు" అన్నది.

"తెలుసు. కాయితాలు గిటియ్యి. జర ఆగు, చేస్త" అన్నది మంజులత.

అప్పుడు పదకొండు. మంజులత తెర తీగ మార్చింది. ప్లగ్గు ఇంకో బోర్డుల పెట్టింది. డబ్బ మూత ఇప్పి, ర్యామ్ పట్టీ పీకి, రబ్బరుతోని రుద్ది, టక్కుమనేదాక నొక్కింది. ఫ్యాన్ తిరుగుతది, తెర ఎలగదు. అన్నీ పీకి ఒక్కొక్కటే పెట్టుకుంట వచ్చింది, అదే తీరు. పన్నెండాయె, ఒంటిగంటాయె. తిండి యాదిల లేదు.

ఎదురుంగనే రఘుపతి దుకాణం ఉన్నది. రెండు కొత్త కంప్యూటర్లు, ఏసీ. ఆయన దుకాణం తెరిచిన రోజు సంది మంజులత ఆ దిక్కు మొకం పెట్టదు. నాగరాణి ఒక్కసారి అటు చూసింది.

"గాడ ఆయనకు ఫొటో సైజు గూడ సక్కగ పెట్టరాదు" అన్నది మంజులత. అబద్ధం అది. ఆమెకూ తెలుసు.

ఏం మనిషి అనాలె! పది అడుగులు దాటితే అయిపోయే పనికి ఆ పిల్లను బల్ల మీద కూసోబెట్టి ఐదు గంటలు మాడగొట్టింది. నాగరాణి మొగడు ఫోన్ చేసి అయిందా అంటే, అయితాంది అన్నది. మొకమాటం గట్లుంటది. ఇదే ఆన్‌లైన్ అక్క అంతకుముందు ఆమె అత్త పింఛన్ ఇప్పించింది మరి, లేచిపోదామంటే కాళ్లు రావు.

నాలుగు కొట్టంగ నాగరాణి లేచి నిలబడ్డది.

"అక్కా, నా కాయితాలు ఇస్తవా?"

కాయితాలు మంజులత మోచేతి కిందనే ఉన్నయి. ఆమె వాటిని చూసింది, గోడ మీద గడియారం చూసింది. అప్పుడు ఆమెకు భయమైంది.

"నాతోని అయితలేదు, పా" అని కాయితాలు తనే పట్టుకొని రోడ్డు దాటింది. రఘుపతి కాయితాలు అందుకున్నడు. కుర్చీ జరిపి కూసున్నడు. రెండుసార్లు సైట్ ఆగింది, మూడోసారి ఫీజు కాడ చిక్కింది. దరఖాస్తు నంబర్ వచ్చేవరకు ఐదుకు ఇంకా ఆరు నిమిషాలున్నయి. నాగరాణి మొకం కొంగుతోని కప్పుకొని అక్కడనే కిందికి కూలబడ్డది.

రఘుపతి తర్వాత ఇటొచ్చి డబ్బలకు టార్చి కొట్టి చూసిండు.

"బీరన్న గాలి ట్యాంకిల నీళ్లు చేరి ఉంటయ్, వానకాలం గట్లనే అయితది. గాలితోని తుంపర్లు వచ్చి సందులల్ల కూసున్నయి. ఇంక నువ్వు ముట్టకు. రెండు దినాలు ఎండనీ" అన్నడు.

ఎండబెట్టినంక అదే ఎలిగింది. మంజులత చేసిందేం లేదు.

నెలకు హాల్ టికెట్లు వచ్చినయి. నాగరాణి బస్సు దిగి సీదా రఘుపతి దుకాణానికి పోయింది. టికెట్ తీసుకొని వస్తాంటే మంజులత పిలిచింది.

"కోపమొచ్చిందా నా మీద? గిటు రాకపోతివి."

"కోపమేం లేదక్కా. నువ్వు మంచిదానివే" అన్నది నాగరాణి. "ఆయన చాతకాకపోతే చాతకాదు పో అంటడు, నేను ఇంకో జాగా ఎతుక్కుంట. నువ్వు పొమ్మనవు. ఆ దినం నేను కాయితాలు అడగకపోతే నువ్వు ఇద్దువా?"

మంజులత ఆలోచించింది. ఇద్దును అని చెప్పబుద్ధయింది గని అది అబద్ధమైతది. నాగరాణి బస్సెక్కి పోయింది.

ఆమె పోయినంక మంజులత ఇంకా ఎనిమిది మంది పని చేసిపెట్టింది. అందరూ సల్లగుండు బిడ్డా అనే పోయిండ్రు. ఒక్కటీ ఆమెకు ఒంటబట్టలె.