చేలో నిలబడ్డ ఫొటో

మొన్న మంగళవారం పొద్దున రాజోలు నుంచి ఫోన్ వచ్చింది. మా పొలం కౌలుకు చేసే బాబాయి పోయారు. చేను చూసి వచ్చి, అరుగు మీద కూర్చుని టీ అడిగారట. కూతురు టీ తెచ్చేసరికి ప్రాణం లేదట. ఏడుపొచ్చింది గానీ, చేను చూసే వెళ్లారు కదా అని కొంత ఊరట పడ్డాను.

వరసకు ఆయన నాకేమీ కారు. నాన్నగారి కాలం నుంచీ మా ఎకరన్నరా ఆయనే చేశారు. నేను అమలాపురంలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నాను. ఎంత వానైనా టీ తాగకముందే ఆయన చేను దగ్గరికి వెళ్లాల్సిందే. "పొద్దున్నే మొహం చూపించకపోతే అలుగుద్దండి" అనేవారు. నా మొహం అది ఎలాగూ గుర్తుపట్టదని నేను వెళ్లేవాణ్ని కాదు.

పంట పోతే పరిహారం తన పేరునే వచ్చేలా, సర్కారు ఇచ్చే కౌలు కార్డు కోసం ఆయన రెండేళ్లు అడిగారు. దానికి పొలం యజమాని సంతకం కావాలి. "పెట్టావా, ఇక పొలం మీద ఆశ వదులుకో" అన్నారు మా అన్నయ్య. నేనూ భయపడి వాయిదా వేశాను. కాబట్టి సర్కారు జాబితాలో రైతును నేనే.

పంట నమోదుకు రైతు చేలో నిలబడి ఫొటో దిగాలని ఓసారి కబురొచ్చింది. బస్సు దిగి, చెప్పులు బాబాయి చేతికిచ్చి, ప్యాంటు మడిచి, ధీమాగా చేలో దిగాను. వ్యవసాయ సహాయకురాలు ఫోన్ అటూ ఇటూ తిప్పింది.

"తీసుకోవట్లేదండి. ఈ చేను మీది కాదంటోంది యాప్."

"ఆయ్, అది పక్కోరిదండి. మీది ఇవతలదండి మాస్టారూ" అన్నారు బాబాయి గట్టు మీద నుంచి.

"ముందే చెప్పొచ్చుగా బాబాయ్."

"మీరంత ధీమాగా దిగిపోతుంటే, కొత్తగా కొన్నారేమో అనుకున్నానండి."

ఆ అమ్మాయి ఫోన్ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ సార్వా పంటలోనే కోతకొచ్చిన చేను వానలకు పడిపోయింది. నీళ్లలో నిలబడి, పడిన వరి కోసి పనలు ఎత్తింది ఆయన; తర్వాత పరిహారం వచ్చిందన్న మెసేజ్ నేను ఫ్యాను కింద కూర్చుని చదువుకున్నాను. సిగ్గేసింది. డబ్బు పట్టుకెళ్లి ఇచ్చాను.

"సంతోషమండి. సచివాలయంలో రైతుల పేర్లు చదివేరండి. మీ పేరు చదివేరు. నేనక్కడే కూచున్నానండి" అన్నారు.

ఆ మాట అమలాపురం దాకా బస్సులో నా చెవిలోనే ఉంది. మర్నాడే కౌలు కార్డుకు సంతకం పెట్టాను. పొలం ఎక్కడికీ పోలేదు.

తర్వాతి ఫొటోకు ఆయన గడ్డం గీయించుకుని, కూతురి పెళ్లినాటి చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. ఈసారి చెప్పులు నా చేతికిచ్చారు.

"కొంచెం నవ్వండి తాతగారూ" అంది అమ్మాయి.

"నవ్వితే పరిహారం ఆపేత్తారేమోనమ్మా" అని ఆయనే నవ్వేశారు.

సచివాలయంలో రైతుల జాబితా చదివిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఆయన పేరు పిలిస్తే పలకలేదు. రెండోసారి పిలిచాక "ఆయ్" అన్నారు.

"మొదటిసారి వినబడలేదా బాబాయ్?"

"వినబడిందండి. ఇంకోసారి చదువుతారనండి."

నిన్న వాళ్లింటికి వెళ్లాను. దండ వేసిన ఫొటో అదే, ఆ అమ్మాయి చేలో తీసినదే. ఆయనది వేరే మంచి ఫొటో లేదట. పెద్దది చేసేటప్పుడు, మూలన ఉన్న మనిషిని తీసేయమంటారా అని స్టూడియో అతను అడిగితే కూతురు వద్దందట. మోకాళ్ల లోతు పచ్చటి చేలో, ఇస్త్రీ చొక్కాలో బాబాయి నవ్వుతున్నారు. వెనక గట్టు మీద, సగమే పడిన నేను, ఆయన చెప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాను.