పదకొండో నంబరు ట్యూబు

పోయినవారం గురుగ్రామ్‌లో మా ఫ్లాటుకి రక్తం తీసుకోవడానికి వచ్చిన అమ్మాయి ట్యూబుకి స్టిక్కరు అంటిస్తుంటే, పేరు కూడా రాయమన్నాను. "ఆంటీ, బార్‌కోడ్ హై నా" అని, అదుంటే చాలదా అన్నట్టు నవ్వింది. రాసేదాకా చెయ్యి ఇవ్వనని భీష్మించుకు కూర్చున్నాను.

డెబ్బైల చివర్లో ఢిల్లీలో చదువుకుంటూ బాబాయి క్వార్టర్స్‌లో ఉండేదాన్ని. ఆయన పెద్దాసుపత్రిలో డాక్టరు. పొద్దున రోగులు, మధ్యాహ్నం నుంచి ల్యాబులో రక్తపు జబ్బుల మీద పరిశోధన. రోగుల రక్తంతో పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తమూ కావాలి. ఊరికే ఎవరిస్తారు? అందుకని ఓ ఆదివారం ఇంటిల్లిపాదినీ, పక్క క్వార్టర్ల వాళ్లనీ పరగడుపున వరసగా కూర్చోబెట్టారు. ఇచ్చినవాళ్లకి పిన్ని చేతి ఇడ్లీ, అల్లప్పచ్చడి. అందరికన్నా ముందు చెయ్యి చాపింది పిన్నే. ట్యూబుల మీద నంబర్లే, పేర్లుండవు. ఎవరిదో తెలిస్తే చూసే కన్ను ఓ పక్కకి మొగ్గుతుందని బాబాయి నియమం. పేర్ల రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేసేశారు. అంత నిజాయితీ ఆయనది.

పదకొండో నంబరులో తెల్లకణాలు విపరీతంగా కనిపించాయి. రోగి ట్యూబు ఇటు కలిసిపోయిందనుకుని, టెక్నీషియన్‌ని చెడామడా తిట్టి, ఆ ఫలితం కొట్టేశారు. భోజనాల దగ్గర మాకూ చెప్పారు. "పాపం, అంతలా తిట్టాలా అండీ" అంటూ పిన్ని చారు వడ్డించింది. అప్పటికే ఆవిడకి కరోల్ బాగ్ బజారు సగం తిరిగేసరికి ఆయాసం వచ్చేది. చెబితే, "ఐరన్ మాత్ర వేసుకో" అని బాబాయి ల్యాబుకి వెళ్లిపోయేవారు.

ఏడు నెలల తర్వాత, పరిశోధనా పత్రంలో వయసులు రాయడానికి రిజిస్టరు తెరిచారు. ఆ సాయంత్రం బూట్లతోనే వంటింట్లోకి వచ్చి, "పదకొండు నువ్వే" అన్నారు. పిన్నికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. రోజూ అంతమంది రోగుల్ని చూసే మనిషి, ఎదురుగా చారు వడ్డిస్తున్న మనిషిని చూడలేదు! ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. అది రక్తపు క్యాన్సరని బాబాయి వివరంగా చెప్పాక, పిన్ని పొయ్యి మీది చారుగిన్నె దించి మూత పెట్టింది.

"నేనూ చీటీ రాయించుకుని మీ ఓపీ లైన్లో నిలబడాల్సింది" అంది చివరికి. ఆ తర్వాత రెండేళ్లు బతికింది.

ముందే తెలిస్తే బతికేదా అని చాలాకాలానికి ధైర్యం చేసి అడిగాను. "అప్పట్లో సరైన మందే లేదు తల్లీ. రోజులు పెరిగేవి కావు" అన్నారు బాబాయి. "కానీ ఆ ఏడు నెలలూ నేను ఇంట్లో ఉండేవాణ్ణి" అన్నారు. నలభై ఏళ్లు ఎలా గడిచాయో తెలియలేదు గానీ, ఆ ఏడు నెలలు మాత్రం నాకింకా గడవలేదు.