పైగదిలో తిరగలి

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. నా అనుమానమంతా మనుషుల మీదే. ఉదయగిరి మిద్దెలో జరిగినదానికి కూడా చాలాకాలం మనిషినే వెతికాను.

యాభైల మొదట్లో మా ఆయనకు ఆత్మకూరు నుంచి ఉదయగిరికి బదిలీ అయింది. అక్కడ బజారు చివర నవాబుల కాలంనాటి మిద్దె ఒకటి పాడుబడి ఉండేది. దాన్ని పడగొట్టి రాళ్లు తీసుకుపోవాలని ఒక కాంట్రాక్టరు చూస్తున్నాడు. మా మహిళా సమాజం ఆడవాళ్లం తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి, అందులో కుట్టుపని నేర్పుతామని ఒప్పించాం. మేం వాడుకున్నంత కాలమే ఇంటిని ఉంచుతామన్నారు.

బూజు దులిపి, సున్నం కొట్టి, కింద మిషన్లు పెట్టాం. కొన్నాళ్లకే మధ్యాహ్నం పూట పైగదిలోంచి తిరగలి విసురుతున్న చప్పుడు మొదలైంది. ఆ ఇంట్లో తిరగలే లేదు. పైగదికి తాళం. తాళంచెవి నా బొడ్డులో. తీసి చూస్తే దుమ్ము తప్ప ఏమీ లేదు. భయపడి ఒక్కొక్కరే రావడం మానేశారు.

మమ్మల్ని తరిమెయ్యడానికి కాంట్రాక్టరే చేయిస్తున్నాడనుకున్నాను. అతనికి వరసకు చెల్లెలైన రమణమ్మ మా సమాజంలోనే ఉండేది. అందరూ వణుకుతుంటే ఆమె మాత్రం నింపాదిగా గుండీలు కుట్టుకునేది. లోపలి మనిషి ఆమేనని తీర్మానించుకున్నాను.

ఒకరోజు కాంట్రాక్టరే వచ్చాడు.

"ఏందమ్మా, మిషన్లు ఉండాయి గానీ మనుషులు లేరే!" అని నవ్వాడు.

అంతలో పైన చప్పుడు. నేను చటుక్కున పక్కనున్న రమణమ్మ చెయ్యి పట్టుకున్నాను. అతని నవ్వు ఆగిపోయింది.

"ఎవురు పైన విసరతా ఉండేది?"

"మీరు పెట్టిన మనిషే కదా!" అన్నాను.

"నేనెవుర్నీ పెట్టలేదు తల్లీ. తాళం తియ్యి."

ముగ్గురం పైకి వెళ్లేసరికి చప్పుడు ఆగింది. తాళం తీశాను. దుమ్ములో అడుగుజాడ లేదు. గది నడుమ జొన్నపిండి కుప్ప. వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

కాంట్రాక్టరు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ రాళ్ల ఊసెత్తలేదు. చప్పుడూ మళ్లీ రాలేదు. ఆడవాళ్లు తిరిగొచ్చారు. ఇల్లు నిలిచింది.

పిండిని మాత్రం రమణమ్మ కొంగులో ఎత్తుకుపోయింది. మేం ఊరు వదిలేటప్పుడు ఆమెను నిలదీశాను.

"నిజం చెప్పు, అది నీ పనేనా?"

"నువ్వు నా చెయ్యి పట్టుకోనుంటివి గదక్కా. నేనెట్ట విసరతాను?"

"మరి ఆ పిండి ఏం చేశావు?"

"సంగటి చేసుకుని తిన్నాం. మంచి పిండి, పారేస్తారా ఏంది?"

నన్ను ఆటపట్టిస్తోందో, నిజమే చెబుతోందో ఆ రోజు తేల్చుకోలేకపోయాను. ఈ రోజుకీ తేలలేదు.